జబ్బు పేరు చెప్పని ప్రశ్నలు: ఎన్‌క్లెక్స్-పీఎన్‌లో క్లినికల్ జడ్జ్‌మెంట్ అంటే ఏమిటి?

అమెరికాలో ప్రాక్టికల్ నర్సు లైసెన్సు కోసం రాసే ఎన్‌క్లెక్స్-పీఎన్ పరీక్ష 2023 ఏప్రిల్ 1న కొత్త రూపంలోకి మారింది. అప్పటి నుంచి ఆ పరీక్షకు చదివేవాళ్ల మధ్య ఒకే మాట తిరుగుతోంది: క్లినికల్ జడ్జ్‌మెంట్. అది ప్రాక్టీస్ చేయాలంటారు, అదొస్తే గట్టెక్కినట్టే అంటారు. ఇంతకీ అదేమిటని అడిగితే మాత్రం ఒకరు ఆరు మెట్ల పద్ధతి అంటారు, ఒకరు కేస్ స్టడీలంటారు, మరొకరు అనుభవం మీద వచ్చేదే తప్ప చదివితే రాదంటారు. ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది. కానీ విడివిడిగా వింటే చదివేవాళ్లకు తికమకే మిగులుతుంది.

నాకు అర్థమైనంతలో అసలు విషయం ఇది. ఈ పరీక్షలో జబ్బు గురించి ఏం తెలుసని అడగడం తక్కువ. జబ్బు పేరు దాచిపెట్టి, ముందున్న పది సంగతుల్లో ఏది ముఖ్యమో తేల్చమంటారు. తేల్చాక, అందులో నీ చేతిలో ఉన్న పనేది, వెంటనే పైవాళ్లకు చెప్పాల్సిందేది అని అడుగుతారు. ఈ రెండో భాగమే ప్రాక్టికల్ నర్సుల పరీక్షకు ప్రాణం.

ఎల్‌పీఎన్ అంటే ఎవరు

లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్స్‌ని పొట్టిగా ఎల్‌పీఎన్ అంటారు. కాలిఫోర్నియా, టెక్సస్ రాష్ట్రాల్లో అదే ఉద్యోగానికి ఎల్‌వీఎన్ అని పేరు. సాధారణంగా ఏడాది పాటు కమ్యూనిటీ కాలేజీలోనో వొకేషనల్ స్కూల్లోనో చదివి, ఎన్‌క్లెక్స్-పీఎన్ పాసై, రిజిస్టర్డ్ నర్స్ అంటే ఆర్‌ఎన్ కిందో డాక్టర్ కిందో పనిచేస్తారు. వృద్ధుల నర్సింగ్ హోమ్‌లలో వీళ్లు ఎక్కువగా కనిపిస్తారు.

మన దగ్గర రెండేళ్ల ఏఎన్ఎం, మూడేళ్ల జీఎన్ఎం, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ ఉన్నాయి. వీటిలో దేనికీ ఎల్‌పీఎన్ సరిగ్గా సరితూగదు. ఇక్కడ జీఎన్ఎం, బీఎస్సీ చేసి అమెరికా వెళ్లాలనుకునేవాళ్లు సాధారణంగా రాసేది ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్. అమెరికాలో స్థిరపడ్డాక అక్కడే కోర్సు చేసి నర్సింగ్‌లోకి వచ్చే తెలుగువాళ్లకు మాత్రం పీఎన్ దారి దగ్గరిది. రెండు పరీక్షల్నీ తయారుచేసేది ఒకే సంస్థ, అక్కడి రాష్ట్రాల నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి అయిన ఎన్‌సీఎస్‌బీఎన్. క్లినికల్ జడ్జ్‌మెంట్‌కు అది వాడే నమూనా కూడా రెంటికీ ఒకటే. అందుకే ఇక్కడ చెప్పేదాంట్లో చాలాభాగం ఆర్‌ఎన్ రాసేవాళ్లకూ వర్తిస్తుంది.

పాత పరీక్షతో వచ్చిన చిక్కు

పరీక్ష పాసైన కొత్త నర్సు వార్డులోకి వచ్చాక పేషంటు పరిస్థితి దిగజారుతున్నట్టు కనిపెట్టగలదా? ఈ ప్రశ్న అమెరికాలో చాలాకాలంగా నలుగుతోంది. డొరతీ డెల్ బ్యూనో అనే పరిశోధకురాలు 2005లో ప్రచురించిన వ్యాసం కలకలం రేపింది. కొత్తగా వచ్చిన ఆర్‌ఎన్‌లలో 35 శాతం మందికే ఉద్యోగంలో చేరేనాటికి ఉండాల్సినంత క్లినికల్ జడ్జ్‌మెంట్ ఉందని ఆమె తేల్చారు. అది ఆర్‌ఎన్‌ల మీద జరిగిన పని, దాన్ని ఉన్నపళంగా ఎల్‌పీఎన్‌లకు అంటగట్టలేం. కానీ లైసెన్సు పరీక్ష పాసవడం వేరు, మంచం పక్కన సరైన నిర్ణయం తీసుకోవడం వేరు అన్న అనుమానం అక్కడి నుంచి బలపడింది.

2006లో క్రిస్టీన్ టానర్ నర్సు ఆలోచనను నాలుగు దశలుగా వివరించారు: గమనించడం, అర్థం చేసుకోవడం, స్పందించడం, చేసినదాన్ని వెనక్కి తిరిగి చూసుకోవడం. తర్వాత ఎన్‌సీఎస్‌బీఎన్ పరీక్షలో కొలవడానికి వీలుగా ఆరు మెట్ల నమూనా తయారుచేసుకుంది. సూచనలు గుర్తించడం, వాటిని విశ్లేషించడం, కారణాల్లో ఏది ముందో తేల్చడం, చేయగలిగినవి ఆలోచించడం, చేయడం, ఫలితం చూడడం. 2017 జులై నుంచి అసలు పరీక్ష చివర ప్రత్యేక భాగం పెట్టి కొత్తరకం ప్రశ్నల్ని అభ్యర్థుల మీద పరీక్షించి, చివరికి 2023లో అమల్లోకి తెచ్చింది.

ఇప్పుడు పరీక్షకు ఐదు గంటల సమయం. కనీసం 85 ప్రశ్నలు, గరిష్ఠంగా 150. మార్కులు లెక్కించని ప్రయోగ ప్రశ్నలు 15 వీటిలోనే కలిసి ఉంటాయి, అవేవో మనకు తెలియదు. ప్రతి అభ్యర్థికీ లెక్కలోకి వచ్చే కేస్ స్టడీలు మూడు, ఒక్కోదానికి ఆరు ప్రశ్నలు, మొత్తం 18. మిగతా ప్రశ్నలు మన జవాబును బట్టి కష్టంగానో తేలికగానో మారతాయి. కేస్ స్టడీ లోపలి ఆరు ప్రశ్నలు మాత్రం మనం ఏం రాసినా మారవు. రెండో ప్రశ్న తప్పినంత మాత్రాన మూడోది పాడవదు, వెనక్కి వెళ్లి దిద్దుకోవడమూ కుదరదు.

ఒక పేషంటు, ఆరు ప్రశ్నలు

ఇది పరీక్షలో వచ్చిన కేసు కాదు, వివరించడానికి అల్లింది. 79 ఏళ్ల పెద్దాయన. ప్రోస్టేట్ వాపుతో మూత్రం ఆగిపోయి ఆసుపత్రిలో చేరారు. మూత్రం బయటికి తీసే గొట్టం, అంటే క్యాథెటర్ వేసి నాలుగు రోజులైంది. బీపీ, షుగర్ ఉన్నాయి. బీపీకి మెటోప్రొలాల్, లిసినోప్రిల్, షుగర్‌కు గ్లిపిజైడ్ వాడుతున్నారు. వినికిడి యంత్రం పెట్టుకుంటారు, మోకాలి నొప్పి పాతదే, అప్పుడప్పుడు మతిమరుపు అని చార్ట్‌లో రాసి ఉంది.

ఉదయం షిఫ్ట్‌లో ఎల్‌పీఎన్ చూసేసరికి: మంచం దిగబోతున్నారు, ఎక్కడున్నారో చెప్పలేకపోతున్నారు. నిన్న రాత్రి తనతో బాగానే మాట్లాడారనీ, ఇప్పుడు తనను గుర్తుపట్టలేదనీ కూతురు అంటోంది. బీపీ 96/54, నిన్న 134/76. పల్స్ 104, నిన్న 68. శ్వాస నిమిషానికి 26. ఆక్సిజన్ 93 శాతం. జ్వరం 100.2 ఫారెన్‌హీట్. షుగర్ 148. యూరిన్ బ్యాగ్‌లో గడిచిన ఎనిమిది గంటల్లో వచ్చింది 90 మి.లీ., ముదురు రంగు, మడ్డిగా ఉంది. రెండు రోజులుగా మలవిసర్జన లేదు. తొమ్మిది గంటల మందులు ఇవ్వాల్సిన వేళ అయింది.

మొదటి ప్రశ్న: వీటిలో వెంటనే పట్టించుకోవాల్సినవి గుర్తించండి. ఇక్కడే చాలామంది జారిపోతారు. 100.2 చూసి పెద్ద జ్వరమేమీ కాదులే అనిపిస్తుంది. కానీ వయసు మళ్లినవాళ్ల మామూలు ఉష్ణోగ్రతే తక్కువ ఉంటుంది, ఇన్ఫెక్షన్ ముదిరినా ఒళ్లు కాలకపోవచ్చు. పల్స్ 104 కూడా భయపెట్టేంత అంకె కాదు. కానీ మెటోప్రొలాల్ గుండె వేగాన్ని పట్టి ఉంచే మందు. అది ఒంట్లో ఉండగానే 68 నుంచి 104కి ఎగబాకిందంటే మందు లేకపోతే ఇంకెంత ఉండేదో. మూత్రం గంటకు కనీసం 30 మి.లీ. రావాలన్నది వార్డు లెక్క. ఎనిమిది గంటల్లో 240 రావాల్సింది 90 దగ్గర ఆగింది. ఇక మతిమరుపు. చార్ట్‌లో ముందే రాసి ఉంది కదా అని వదిలేయడానికి అది చక్కటి సాకు. రాత్రి కూతుర్ని గుర్తుపట్టిన మనిషి పొద్దున పట్టలేదంటే అది పాత మతిమరుపు కాదు, కొత్తగా వచ్చిన తికమక. ఆ తేడా చార్ట్‌లో లేదు, కూతురి మాటలో ఉంది. మోకాలి నొప్పి, వినికిడి యంత్రం, మలబద్ధకం నిజమే గానీ ఈ గంటలో ముఖ్యం కావు.

రెండో ప్రశ్న ఒక పట్టిక. ఒకవైపు లక్షణాలు, మరోవైపు సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌కు ఒళ్లు అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతినే ప్రమాద స్థితి), షుగర్ పడిపోవడం, పక్షవాతం. ఏ లక్షణం దేనికి సరిపోతుందో గుర్తు పెట్టాలి. తికమక మూడింటికీ సరిపోతుంది, కాబట్టి దాంతో ఏదీ తేలదు. షుగర్ 148 ఉంది కనుక రెండోది పక్కకు పోతుంది. మూతి వంకర పోలేదు, రెండు చేతుల పట్టూ సమానమే అని నోట్స్‌లో కనిపిస్తే పక్షవాతం అనుమానం తగ్గుతుంది. మడ్డి మూత్రం, పడిన బీపీ, పెరిగిన శ్వాస ఒక్కదానివైపే చూపిస్తాయి. శ్వాస 22 లేదా అంతకు మించడం, పై బీపీ 100 లేదా అంతకు తగ్గడం, తెలివిలో మార్పు అనే మూడింటిలో కనీసం రెండు కలిస్తే సెప్సిస్‌లో ప్రమాద సంకేతంగా చూడాలని 2016లో వచ్చిన కొలబద్ద చెబుతుంది. దాన్నొక్కదాన్నే నమ్ముకుని సెప్సిస్ ఉందో లేదో తేల్చవద్దని 2021 అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచించాయన్నదీ గుర్తుంచుకోవాలి. మన పెద్దాయనలో ఆ మూడూ ఉన్నాయి.

మూడో ప్రశ్న ఒక వాక్యంలో రెండు ఖాళీలు: ఈయనకు అన్నిటికంటే ముందు ఫలానా ముప్పు ఉంది, ఎందుకంటే ఫలానా. నాలుగోది ఏవి చేయాలి, ఏవి చేయకూడదు అని విడదీయడం. లిసినోప్రిల్, మెటోప్రొలాల్ వేళయింది కదా అని ఇవ్వడం హాని. మన ఆసుపత్రుల్లో పనిచేసి వెళ్లినవాళ్లకు ఇక్కడ చేయి ఆగుతుంది. రాసిన డోసు ఇవ్వడమే అలవాటు. ఈ పరీక్ష మాత్రం నర్సు ఆ డోసు ఆపి, ఆపిన సంగతి వెంటనే పైకి చెప్పాలని చూస్తుంది. యూరిన్ శాంపిల్ క్యాథెటర్‌కు ఉండే శాంపిల్ పోర్ట్ నుంచి తీయాలి, బ్యాగ్‌లోంచి కాదు. ఇది చిన్న వివరమే అయినా ఆప్షన్లలో ఉండొచ్చు.

ఐదో ప్రశ్న: ఇప్పుడు ముందేం చేస్తారు? ఆరోది: ఫ్లూయిడ్స్, యాంటీబయాటిక్ మొదలయ్యాక ఏది మెరుగైంది, ఏది కాలేదు? బీపీ 112/64, మూత్రం గంటకు 40 మి.లీ. అంటే కోలుకుంటున్నారు. తికమక ఇంకా ఉందంటే వైద్యం పనిచేయలేదని కాదు, అది సర్దుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది.

గీత ఎక్కడ ఉంది

ఐదో ప్రశ్న దగ్గర కొంచెం ఆగాలి, పీఎన్‌కీ ఆర్‌ఎన్‌కీ తేడా అంతా అక్కడే ఉంది. అదే కేసు ఆర్‌ఎన్ పరీక్షలో వస్తే, డాక్టర్‌కు ఫోన్ చేయడం, ఆర్డర్ ప్రకారం బ్లడ్ కల్చర్ తీశాక యాంటీబయాటిక్ మొదలుపెట్టడం వంటివి జవాబులుగా ఉంటాయి. పీఎన్ పరీక్షలో సరైన జవాబు తరచుగా ఇది: పేషంటును ఒంటరిగా వదలకుండా వెంటనే ఆర్‌ఎన్‌కు చెప్పడం.

పైవాళ్లకు చెప్పడమంటే బాధ్యత దులుపుకోవడం అనుకుంటే పొరపాటు. ఏం చెబుతున్నామన్నదే జడ్జ్‌మెంట్. ‘పన్నెండో గదిలో పెద్దాయన ఎందుకో బాగాలేరు’ అంటే ఆర్‌ఎన్ చేతిలో ఉన్న పని ముగించుకుని వస్తుంది. ‘పన్నెండో గది పేషంటు రాత్రి బాగానే ఉన్నారు, ఇప్పుడు కొత్తగా తికమకపడుతున్నారు. క్యాథెటర్ వేసి నాలుగు రోజులు. బీపీ నిన్న 134/76, ఇప్పుడు 96/54. శ్వాస 26, ఎనిమిది గంటల్లో మూత్రం 90, మడ్డిగా ఉంది. షుగర్ 148. సెప్సిస్ అనుమానం. బీపీ మందులు ఆపాను, మీరు ఇప్పుడే రావాలి’ అంటే పరుగున వస్తుంది. పరిస్థితి, నేపథ్యం, నా అంచనా, నాకు కావలసింది అనే ఈ వరుసనే ఎస్‌బార్ అంటారు.

అలాగని ప్రతిసారీ ‘ఆర్‌ఎన్‌కు చెప్పాలి’ అని టిక్ పెట్టుకుంటూ పోతే కూడా తప్పుతుంది. మలబద్ధకానికి ముందే రాసి ఉంచిన మందు ఇవ్వడం, పడకుండా మంచం ఎత్తు తగ్గించడం, ఆర్‌ఎన్ ముందే నేర్పిన విషయాన్ని పేషంటుకు మళ్లీ గుర్తుచేయడం ఎల్‌పీఎన్ సొంత పనులు. చేరిన వెంటనే చేసే మొదటి పూర్తి పరీక్ష, పరిస్థితి నిలకడగా లేని పేషంటు బాధ్యత ఆర్‌ఎన్‌వి. ఐవీ మందుల విషయంలో రాష్ట్రానికో నిబంధన ఉంటుంది. పరీక్ష అన్ని రాష్ట్రాలకూ ఒకటే కాబట్టి, మీ రాష్ట్రంలో ఎల్‌పీఎన్‌కు వీలున్న ప్రతి పనీ పరీక్షలో సరైన జవాబు అవుతుందని అనుకోకూడదు.

మార్కుల లెక్క

పాత పద్ధతిలో ‘వర్తించేవన్నీ ఎంచుకోండి’ ప్రశ్నలో ఒక్కటి తప్పినా సున్నా. ఇప్పుడు సరైన ప్రతి ఎంపికకూ ఒక మార్కు కలిపి, తప్పు ఎంపికకు ఒకటి తీసేస్తారు. మొత్తం సున్నా కంటే కిందికి పోదు. మన కేసులో సరైన సూచనలు ఆరు అనుకోండి. ఒకామె ఐదు సరైనవి, ఒకటి తప్పు పెట్టింది: నాలుగు మార్కులు. ఇంకొకామె ఎందుకైనా మంచిదని పదింటికి పదీ టిక్ చేసింది: ఆరు లోంచి నాలుగు పోగా రెండే. ఎన్ని ఎంచుకోవాలో ప్రశ్నే చెప్పేచోట ఇలా కోత ఉండదు. ‘ఫలానా ముప్పు, ఎందుకంటే ఫలానా’ వంటి ముడిపడ్డ ఖాళీల్లో మాత్రం కారణం కూడా కుదిరితేనే మార్కు. గుడ్డిగా ఊహించి సగం సరిపెట్టడం అక్కడ నడవదు. బో-టై అనే రకంలో నడుమ ఒక సమస్య, ఒకవైపు చేయాల్సినవి రెండు, మరోవైపు కనిపెట్టి ఉండాల్సినవి రెండు. ఐదింటికీ విడివిడిగా మార్కులు.

ప్రాక్టీస్‌తో వస్తుందా, రాదా

ఒక వర్గం వేల ప్రశ్నలు చేస్తేనే వస్తుందంటుంది. శ్వాస, రక్తప్రసరణ ముందు, పాతదాని కంటే కొత్తగా వచ్చింది ముందు అనే సూత్రాలు పట్టుకుంటే చాలంటుంది. వాళ్ల మాట కొట్టేయలేం. పదే పదే కేసులు చూస్తే కళ్లకు అలవాటు పడుతుంది, ఐదు గంటలు కూర్చునే ఓపికా వస్తుంది. చిక్కల్లా ప్రశ్న గుర్తుండి జవాబు రావడం, ఆలోచించి జవాబు రావడం అభ్యాసంలో ఒకేలా కనిపిస్తాయి.

మరో వర్గం ఇదంతా వార్డులోనే నేర్చుకోవాలంటుంది. అనుభవమున్న నర్సు మెట్లు లెక్కపెట్టుకోదు, గదిలో అడుగుపెట్టగానే ఏదో తేడా ఉందని పసిగడుతుంది. కొత్తవాళ్లు నియమాల మీద, ఆరితేరినవాళ్లు పరిస్థితిని మొత్తంగా చూసి నడుస్తారని పట్రీషియా బెనర్ 1984లోనే చెప్పారు. ఇదీ నిజమే. అయితే ఏడాది కోర్సులో క్లినికల్స్‌కు, అంటే ఆసుపత్రి శిక్షణకు వెళ్లిన రోజుల్లో సెప్సిస్ కేసు కంటపడకపోవచ్చు, పడినా విద్యార్థిని పక్కకు జరిపి సీనియర్లు చూసుకుంటారు. ఎన్‌సీఎస్‌బీఎన్ ఆర్‌ఎన్ విద్యార్థుల మీద చేయించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, క్లినికల్ గంటల్లో సగం వరకు నాణ్యమైన సిమ్యులేషన్‌తో, అంటే అల్లిన పరిస్థితుల్లో చేయించే అభ్యాసంతో భర్తీ చేసినా ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే అల్లిన కేసుతో కూడా నేర్చుకోవచ్చు, దాని మీద నిజంగా ఆలోచిస్తే.

ఆ ఆలోచన ఎలా ఉంటుందో మన పెద్దాయన దగ్గరే చూడొచ్చు. అన్నీ అలాగే ఉంచి షుగర్ 148ని 48 చేయండి. తికమకకు కొత్త కారణం దొరికింది; గ్లిపిజైడ్ వాడుతున్నారు కనుక అది నమ్మదగ్గదే. ఇప్పుడు ముందు పని షుగర్ ఎక్కించడం. తెలివి సరిగా లేని మనిషి మింగగలరా అన్నది అంతకంటే ముందు చూసుకోవాలి. కానీ మడ్డి మూత్రం, పడిన బీపీ ఎక్కడికీ పోలేదు. ఇన్ఫెక్షన్ కూడా షుగర్‌ను పడగొట్టగలదు. కాబట్టి పనుల వరుస మారింది, సెప్సిస్ అనుమానం మాత్రం అలాగే నిలిచింది. లేదా తికమక ఆరు నెలలుగా ఉన్నదే, బీపీ ఎప్పుడూ అంతే అనుకోండి. అప్పుడు సగం సూచనలు బలం కోల్పోతాయి. ఒక్క కేసును ఇలా మూడు రకాలుగా తిప్పి చూసినవాళ్లకు, ముప్పై కొత్త ప్రశ్నలు చేసినవాళ్ల కంటే ఎక్కువ పట్టు దొరుకుతుందని నా నమ్మకం.

పాసయ్యేవాళ్లు పెరిగారు, ఎందుకు?

అమెరికాలో చదివి మొదటిసారి ఎన్‌క్లెక్స్-పీఎన్ రాసినవాళ్లలో 2022లో దాదాపు 80 శాతం పాసైతే, కొత్త పద్ధతి వచ్చిన 2023లో అది దాదాపు 87 శాతానికి చేరింది. పరీక్ష తేలికైపోయిందని కొందరు అన్నారు. పాక్షిక మార్కులు వచ్చాయి కనుక ఆ మాట సబబుగానే వినిపిస్తుంది. కానీ ఈ పరీక్షలో పాస్ అయ్యేది మార్కుల మొత్తం మీద కాదు. కష్టాన్ని బట్టి తూచిన ప్రశ్నల్లో అభ్యర్థి సామర్థ్యం నిర్ణీత గీతకు పైన ఉందా అన్నదాని మీద. ఆ గీతను 2023లో కిందికి దించలేదు. కొవిడ్ కాలంలో క్లినికల్స్ లేకుండా చదివిన బ్యాచ్‌లు దాటిపోవడం ఒక కారణం కావచ్చు, కాలేజీలు బోధన మార్చుకోవడం ఇంకొకటి కావచ్చు. ఏది ఎంతన్నది ఈ అంకెలు విడదీసి చెప్పవు.

పాస్ శాతంతో తేలనిది మరొకటి ఉంది. తెరమీద శ్వాస 26 అని రాసి ఇస్తారు. వార్డులో ఆ అంకె ఎవరూ ఇవ్వరు. పేషంటుకు తెలియనివ్వకుండా నిమిషం పాటు ఛాతీ వైపు చూసి లెక్కపెట్టాలి. పని ఒత్తిడిలో లెక్కపెట్టకుండా చార్ట్‌లో 18 అనో 20 అనో రాసేస్తే, ఆరు మెట్లూ కంఠతా వచ్చినా మొదటి మెట్టుకు కావలసిన సూచనే ఉండదు. పరీక్ష కొలిచేది చేతికి అందిన సమాచారంతో చేసే ఆలోచనను. ఆ సమాచారాన్ని రాబట్టే చేతిని కాలేజీ క్లినికల్స్‌లోనూ, ఉద్యోగంలో చేరిన మొదటి వారాల్లో పక్కన ఉండి నేర్పే సీనియర్ నర్సు దగ్గరా తీర్చిదిద్దుకోవాల్సిందే.